టౌన్‌షిప్ గీత లోపలి బడి: న్యూ ట్రియర్ హైస్కూలు చరిత్ర

షికాగో నగరం నుంచి ఉత్తరంగా, మిషిగన్ సరస్సు వెంబడి లోకల్ రైల్లో వెళ్తుంటే ఎవాన్‌స్టన్ దాటిన తర్వాత విల్మెట్, కెనిల్వర్త్, విన్నెట్కా, గ్లెన్కో అనే చిన్న ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అమెరికాలో అత్యంత సంపన్నుల శివారు ప్రాంతాల్లో ఇదొకటి. ఈ ఊళ్లకూ, పడమటి వైపున్న నార్త్‌ఫీల్డ్‌కూ కలిపి ఒక్కటే ప్రభుత్వ హైస్కూలు ఉంది. దాని పేరు న్యూ ట్రియర్ టౌన్‌షిప్ హైస్కూలు. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త, రెండుసార్లు దేశ రక్షణ మంత్రిగా పనిచేసిన రాజకీయ నాయకుడు, హాలీవుడ్ తారలు, నవలాకారులు ఇక్కడ చదివినవారే. శివారు హైస్కూలు అనగానే అమెరికన్ల మనసులో మెదిలే బొమ్మకు దశాబ్దాలుగా ఈ బడే నమూనా. ప్రభుత్వ విద్యలో అసమానతకు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు వాళ్లు వేలెత్తి చూపేదీ ఈ బడినే. ఈ రెండు పేర్లూ దానికి ఒకే చోటి నుంచి వచ్చాయని నా అభిప్రాయం. అది ఎలాగో తెలియాలంటే బడి పుట్టుక కంటే ముందు, ఆ నేల మీద గీసిన గీతల దగ్గర మొదలుపెట్టాలి.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే అమెరికన్ ప్రభుత్వం పడమటి భూములను కొలిపించడానికి 1785లో ఒక శాసనం చేసింది. భూమిని ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరాలుగా విభజించారు. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. దాన్ని మళ్లీ 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లు చేశారు. అందులో 16వ సెక్షన్‌ను బడుల నిర్వహణకు కేటాయించారు. బడి ఖర్చును దాని చుట్టూ ఉన్న నేలే భరించాలన్న ఆలోచన అప్పటికే అంత స్పష్టంగా ఉండేది. షికాగోకు వచ్చిన బడి సెక్షన్ ఈనాటి నగరం నడిబొడ్డున పడింది. ఆ భూమిని నిలబెట్టుకుని ఉంటే నగరంలోని బడులు ఎంత కలిగినవై ఉండేవో ఊహించవచ్చు. కానీ 1833లో, షికాగో ఇంకా కొన్ని వందల మంది ఉన్న చిత్తడి పల్లెగా ఉన్నప్పుడే, ఆ సెక్షన్‌లోని 142 బ్లాకుల్లో నాలుగు మినహా అన్నిటినీ 40 వేల డాలర్ల లోపు ధరకు అమ్మేశారు. నగరం పెరిగి పెద్దదయ్యాక ఆ నేల విలువ ఆకాశాన్నంటింది. ఆ విలువలో బడులకు మిగిలింది మాత్రం ఏమీ లేనట్టే. షికాగో బడుల పేదరికం గురించి రాసేవారు ఈ అమ్మకాన్ని తరచుగా మరచిపోతారు. నా దృష్టిలో కథకు మొదటి అధ్యాయం అదే.

ఉత్తరాన సరస్సు ఒడ్డున స్థిరపడిన తొలి ఐరోపా కుటుంబాల్లో జర్మనీలోని ట్రియర్ ప్రాంతం నుంచి వచ్చిన కాథలిక్ రైతులు చాలామంది ఉన్నారు. 1850లో ఇక్కడ టౌన్‌షిప్ పాలన ఏర్పడినప్పుడు తాము వదిలి వచ్చిన పట్టణం పేరే దానికి పెట్టుకున్నారు. 1855లో షికాగో నుంచి మిల్వాకీ వైపు రైలు పడింది. దానితో రైతుల నేల క్రమంగా నగర వ్యాపారుల, న్యాయవాదుల నివాస భూమిగా మారింది. 1871లో షికాగోను అగ్నిప్రమాదం దహించాక కలిగినవారు మరింత మంది ఇటు వచ్చారు.

హైస్కూలు అనేది ఆ రోజుల్లో అందరూ ఒప్పుకున్న హక్కు కాదు. ప్రాథమిక విద్యకు పన్ను కట్టడానికి అభ్యంతరం లేని గృహస్థులు కూడా, లాటినూ బీజగణితమూ నేర్పడానికి తమ డబ్బు ఎందుకని అడిగేవారు. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో కొందరు పన్నుదారులు ఈ ప్రశ్న మీదే కోర్టుకు వెళ్లారు. 1874లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తరఫున న్యాయమూర్తి థామస్ కూలీ ఇచ్చిన తీర్పు, హైస్కూలు కోసం స్థానిక పన్ను వసూలు చేయడం చట్టబద్ధమేనని తేల్చింది. ఇతర రాష్ట్రాలు ఆ తీర్పునే ఆధారం చేసుకున్నాయి. షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్రంలో దానికి ముందే, 1867లో ప్రిన్స్‌టన్ పట్టణం మొదటి టౌన్‌షిప్ హైస్కూలు పెట్టింది. ఏ ఒక్క ఊరూ సొంతంగా హైస్కూలు నడపగలిగే స్థితిలో లేదు కనుక టౌన్‌షిప్ అంతా కలిసి ఒకటి పెట్టుకోవాలన్నది ఆ ఏర్పాటు. న్యూ ట్రియర్‌కు దక్షిణాన ఉన్న ఎవాన్‌స్టన్ 1883లో అదే దారి పట్టింది.

న్యూ ట్రియర్ ఓటర్లు 1899లో తమ హైస్కూలుకు ఆమోదం తెలిపారు. 1901 ఫిబ్రవరిలో విన్నెట్కాలో బడి తెరిచినప్పుడు చేరిన విద్యార్థులు 76 మంది. అప్పటి అమెరికాలో హైస్కూలు పూర్తి చేసేవారు అరుదు. 1910 నాటికి కూడా ఆ వయసువారిలో పదిమందికి ఒకరు మాత్రమే పట్టా అందుకునేవారు. 1940 వచ్చేసరికి సగం మంది అందుకున్నారు. చరిత్రకారులు హైస్కూలు ఉద్యమం అని పిలిచే ఆ మూడు దశాబ్దాల ప్రవాహంలోనే న్యూ ట్రియర్ పెరిగింది. 1913లో బడి లోపలే ఈత కొలను కట్టారు. అమెరికన్ హైస్కూళ్లలో అలాంటిది అదే మొదటిదని బడి చరిత్ర చెప్పుకుంటుంది. ఆ తర్వాతి కాలంలో ఈత పోటీల్లో రాష్ట్ర విజేతగా నిలవడం ఈ బడికి అలవాటుగా మారింది.

ఇంత తొందరగా ఇంత ఎదగడానికి డబ్బు ఒక్కటే కారణమంటే పొరపాటు. విన్నెట్కాలో సంపదతో పాటు ఒక పౌర సంప్రదాయం ఉండేది. స్టాండర్డ్ ఆయిల్ గుత్తాధిపత్యాన్ని ఎండగడుతూ 1894లో 'వెల్త్ ఎగైనెస్ట్ కామన్‌వెల్త్' రాసిన హెన్రీ డెమరెస్ట్ లాయిడ్ ఈ ఊరివాడే. ఊరి పెద్ద నిర్ణయాలు పౌరుల సమావేశాల్లోనూ ఓటింగులోనూ జరగాలని ఆయన పట్టుబట్టాడు. విన్నెట్కా 1900 నాటికే తన కరెంటును తానే తయారుచేసుకునే ఊరుగా మారింది. 1919లో ఊరి ప్రాథమిక పాఠశాలల సూపరింటెండెంట్‌గా వచ్చిన కార్ల్‌టన్ వాష్‌బర్న్ ఇరవై నాలుగేళ్ల పాటు అక్కడే ఉండి, 'విన్నెట్కా ప్లాన్' పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన పద్ధతిని నిర్మించాడు. తరగతి మొత్తం ఒకే వేగంతో నడవాలన్న నియమాన్ని ఆయన తీసేశాడు. లెక్కలూ భాషా ఒక్కో పిల్లవాడు తన వేగంతో, తన తప్పులు తానే దిద్దుకునే అభ్యాస పుస్తకాలతో నేర్చుకునేవాడు. మిగిలిన సమయం సామూహిక కార్యక్రమాలకు, కళలకు, చేతిపనులకు. 1940లో ఆయన కాలంలోనే ఎలియెల్ సారినెన్, ఆయన కుమారుడు ఈరో సారినెన్ షికాగో వాస్తుశిల్పుల సంస్థతో కలిసి రూపొందించిన క్రో ఐలండ్ ప్రాథమిక పాఠశాల తెరుచుకుంది. పిల్లల ఎత్తుకు తగిన కిటికీలు, ప్రతి తరగతికీ సొంత పెరడు ఉన్న ఆ భవనం ఆధునిక పాఠశాల నిర్మాణానికి మార్గం చూపింది. ఇలా చదువుకున్న పిల్లలు పద్నాలుగో ఏట న్యూ ట్రియర్ గడప తొక్కేవారు. ఈ హైస్కూలు విజయాల్లో కింది బడుల వాటా తక్కువేమీ కాదు.

హైస్కూలు తనంతట తాను చేసిన గొప్ప పని ఏమిటని నన్నడిగితే ఈత కొలను గురించో రంగస్థలం గురించో చెప్పను. 'అడ్వైజర్' వ్యవస్థ గురించి చెబుతాను. 1920లలో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటు ప్రకారం తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలను పాతిక మంది చొప్పున బృందాలు చేస్తారు. చాలాకాలం ఈ బృందాలు మగపిల్లలకు వేరుగా, ఆడపిల్లలకు వేరుగా ఉండేవి. ఒక్కో బృందానికి ఒక ఉపాధ్యాయుడిని లేదా ఉపాధ్యాయినిని నియమిస్తారు. పిల్లలు పట్టా పుచ్చుకుని వెళ్లేదాకా, అంటే నాలుగేళ్ల పాటు, సాధారణంగా ఆ అడ్వైజర్ మారరు. రోజూ పొద్దున పాఠాలు మొదలయ్యే వేళ బృందమంతా ఒక గదిలో కూర్చుంటుంది. అక్కడ పాఠం ఉండదు. ఎవరు ఏ సబ్జెక్టు తీసుకోవాలి, ఎవరి మార్కులు ఎందుకు పడిపోతున్నాయి, ఎవరు రెండు రోజులుగా మాట్లాడకుండా ఉన్నారు అన్నవే అక్కడి విషయాలు. కొత్తగా చేరిన పిల్లల ఇళ్లకు అడ్వైజర్లు స్వయంగా వెళ్లి తల్లిదండ్రులను కలిసే ఆనవాయితీ కూడా ఉండేది. ఈ పనికి సమయం కల్పించాలంటే ఉపాధ్యాయుల బోధన గంటలు తగ్గించాలి. గంటలు తగ్గిస్తే మరికొందరిని తీసుకోవాలి. అందుకయ్యే ఖర్చును ఈ బడి తరతరాలుగా భరించింది.

వేల మంది పిల్లలున్న బడిలో ఏ ఒక్కరూ తప్పిపోకుండా చూడటం పెద్ద సమస్య. ఆ సమస్యకు ఇంతకంటే సరళమైన పరిష్కారం నేను చూడలేదు. పిల్లవాడి గురించి బాగా తెలిసిన పెద్దమనిషి ఒకరు బడిలో ఉండాలి, ఆ మనిషి మారకూడదు. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. దీన్ని నూరేళ్లు వదలకుండా నడపడంలోనే గొప్పతనమంతా ఉంది. ఆర్థిక మాంద్యం వచ్చింది, యుద్ధం వచ్చింది, పిల్లల సంఖ్య పెరిగింది, తగ్గింది. పాఠ్యప్రణాళికలు ఎన్నోసార్లు మారాయి. అడ్వైజర్ గది మాత్రం నిలిచింది.

ఈ బడి ఎవరినైనా మార్చిందా అని చూడటానికి సంపన్నుల పిల్లల జీవితాలు సరిపోవు, ఎందుకంటే వాళ్లు ఎక్కడ చదివినా పైకి వచ్చేవారే కావచ్చు. అందుకే జాక్ స్టైన్‌బర్గర్ జీవితం ఈ చరిత్రలో ముఖ్యం. ఆయన 1921లో జర్మనీలోని బాద్ కిసింగెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. హిట్లర్ అధికారానికి వచ్చాక యూదు పిల్లలకు ఉన్నత విద్య దారులు మూసుకుపోసాగాయి. అమెరికాలోని యూదు ధార్మిక సంస్థలు జర్మనీ నుంచి 300 మంది పిల్లలను తెచ్చి పెంచే ఏర్పాటు చేసినప్పుడు, 1934 చివర్లో జాక్‌నూ అతని అన్ననూ తల్లిదండ్రులు ఓడ ఎక్కించారు. అప్పటికి జాక్ వయసు పదమూడేళ్లు. షికాగో ధాన్యం వ్యాపారి బార్నెట్ ఫారోల్ అతన్ని తన ఇంట్లో ఉంచుకుని న్యూ ట్రియర్‌లో చేర్పించాడు. ఆ తర్వాత 1938లో తల్లిదండ్రులను, తమ్ముణ్ని కూడా జర్మనీ నుంచి బయటికి తేవడానికి ఫారోల్ సాయపడ్డాడు. కుటుంబం షికాగోలో చిన్న ఆహారపదార్థాల దుకాణం పెట్టుకుని బతికింది.

స్టైన్‌బర్గర్ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో ఎన్రికో ఫెర్మీ దగ్గర పరిశోధన చేశాడు. 1962లో లియోన్ లెడర్‌మన్, మెల్విన్ ష్వార్ట్జ్‌లతో కలిసి న్యూట్రినోల్లో రెండో రకం ఉందని ప్రయోగంతో నిరూపించాడు. ఈ పనికి ముగ్గురికీ 1988లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన తన నోబెల్ పతకాన్ని న్యూ ట్రియర్ హైస్కూలుకు ఇచ్చేశాడు. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయాల్లో, ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో జీవితమంతా గడిపిన శాస్త్రవేత్త ఇలా ఒక హైస్కూలును ఎంచుకోవడం అరుదు. ఆ ముగ్గురిలో మరొకరైన లెడర్‌మన్ ఇదే ఇలినాయ్ రాష్ట్రంలో, అరోరాలో, గణితానికీ సైన్సుకూ ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ ఆవాస పాఠశాల ఏర్పడటానికి కారకుడయ్యాడు. రాష్ట్రంలో ఏ మూల నుంచైనా ప్రతిభ ఉన్న పిల్లలు అక్కడ చేరవచ్చు. టౌన్‌షిప్ గీత అక్కడ వర్తించదు.

మిగిలిన ప్రముఖుల జాబితా పొడవైనదే. మాంద్యంలో చితికిపోయిన కుటుంబం నుంచి వచ్చి, బెల్ అండ్ హోవెల్ కంపెనీ అధిపతిగా, ఆపైన సెనేటర్‌గా ఎదిగిన చార్ల్స్ పెర్సీ 1937లో ఇక్కడ పట్టా తీసుకున్నాడు. బడిలో మల్లయోధుడిగా పేరు తెచ్చుకున్న డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ 1950లో బయటికి వచ్చాడు. నటులు చార్ల్‌టన్ హెస్టన్, రాక్ హడ్సన్, ఆన్ మార్గరెట్, న్యాయ నేపథ్య నవలలతో ప్రసిద్ధుడైన స్కాట్ టురో ఇక్కడి విద్యార్థులే. 2011 నుంచి 2019 వరకు షికాగో మేయర్‌గా ఉన్న రామ్ ఇమాన్యుయెల్ 1977 తరగతి. 2013లో ఆయన హయాంలోనే షికాగోలో దాదాపు 50 ప్రభుత్వ బడులు ఒక్కసారిగా మూతపడ్డాయి. వాటిలో అత్యధికం నల్లజాతివారి వాడల్లోనివి.

న్యూ ట్రియర్ ఎవరికి తెరిచి ఉండేదన్న ప్రశ్న బడి గేటు దగ్గర తేలేది కాదు, ఇళ్ల అమ్మకం దగ్గరే తేలిపోయేది. టౌన్‌షిప్‌లోని కెనిల్వర్త్ ఊరిని 1889లో జోసెఫ్ సియర్స్ అనే వ్యాపారి నెలకొల్పాడు. స్థలాలు విశాలంగా ఉండాలి, కట్టడాలు నాణ్యంగా ఉండాలి వంటి నియమాలతో పాటు తెల్లవారికే అమ్మాలన్న నియమం కూడా పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఇంత బాహాటంగా లేకపోయినా, ఇళ్ల దళారులు నల్లజాతివారికీ చాలాచోట్ల యూదులకూ ఇళ్లు చూపించేవారు కాదు. ఇలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీం కోర్టు చెప్పినా అలవాటు పోలేదు. బడిలో ఏ నల్లజాతి విద్యార్థినీ చేర్చుకోవద్దని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయవలసిన అవసరం రాలేదు.

1965 వేసవిలో కొందరు స్థానికులు, కాలేజీ విద్యార్థులు కలిసి 'నార్త్ షోర్ సమ్మర్ ప్రాజెక్ట్' అనే ఉద్యమం నడిపారు. దక్షిణాది రాష్ట్రాల్లో పౌరహక్కుల కార్యకర్తలు చేస్తున్న పనిని తమ సొంత ఊళ్లలో చేయాలన్నది వారి సంకల్పం. ఇల్లు అమ్మకానికి పెట్టినవారి తలుపులు తట్టి, కొనేవారి జాతి ఏదైనా మీకు అభ్యంతరమా అని అడిగారు. జూలై 25న మార్టిన్ లూథర్ కింగ్ విన్నెట్కా ఊరి పచ్చిక మైదానంలో ప్రసంగించాడు. వేల మంది వచ్చారు. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే సమాఖ్య చట్టం మూడేళ్ల తర్వాత, కింగ్ హత్య జరిగిన వారంలో, 1968 ఏప్రిల్‌లో వచ్చింది. చట్టం వచ్చేసరికి ఇళ్ల ధరలు ఎంత పెరిగాయంటే, ఇకపై ఎవరినీ ఆపడానికి మరో నియమం అక్కర్లేకపోయింది.

యుద్ధానంతర శిశుజననాల వెల్లువ న్యూ ట్రియర్‌నూ ముంచెత్తింది. 1965లోనే నార్త్‌ఫీల్డ్‌లో రెండో హైస్కూలు, న్యూ ట్రియర్ వెస్ట్, తెరిచారు. పాతది ఈస్ట్ అయింది. 1970ల మొదట్లో రెండు బడుల్లో కలిపి విద్యార్థులు ఆరు వేలు దాటారు. ఆ తర్వాత సంఖ్య వేగంగా పడిపోవడంతో 1981లో రెండింటినీ మళ్లీ ఒకటి చేశారు. నార్త్‌ఫీల్డ్ భవనంలో కొన్నాళ్లు తొమ్మిదో తరగతి మాత్రం నడిపి, 1985లో అదీ ఆపేశారు. ఖాళీగా ఉన్న ఆ బడి జిమ్నాజియంలోనే 1990 నాటి 'హోమ్ అలోన్' సినిమాకు ఇంటి లోపలి సెట్లు వేశారు. నీళ్లు నిండిన నేలమాళిగ దృశ్యం బడి ఈత కొలనులో తీశారు. పిల్లల సంఖ్య మళ్లీ పెరిగాక, 2001 నుంచి తొమ్మిదో తరగతి అంతా నార్త్‌ఫీల్డ్‌లో, పై మూడు తరగతులు విన్నెట్కాలో నడుస్తున్నాయి. బడి మూసినప్పుడు ఆ భూమిని అమ్ముకోకుండా ఉంచుకోవడం వల్లే ఇది సాధ్యమైంది. 1833లో షికాగో చేయనిది అదే.

ఇక డబ్బు సంగతి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చదువుకున్న మన పాఠకులకు ఇక్కడ ఒక వివరణ అవసరం. మన రాష్ట్రాల్లో ఊరి బడి ఉపాధ్యాయుడి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఊరు కలిగినదా పేదదా అన్నదాన్ని బట్టి జీతం మారదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో బడి ఖర్చులో పెద్ద భాగం ఆ బడి పరిధిలోని ఇళ్ల మీద, దుకాణాల మీద వేసే ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువైతే తక్కువ శాతం పన్నుతోనే ఎక్కువ డబ్బు పోగవుతుంది. ఇళ్ల విలువ తక్కువైన చోట ప్రజలు ఎక్కువ శాతం పన్ను కట్టినా చాలదు. మంచి బడి వల్ల ఇళ్ల ధరలు పెరుగుతాయి, పెరిగిన ధరలు బడికి మరింత డబ్బు తెస్తాయి. షికాగో పడమటి శివారు నేపర్‌విల్, అరోరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు. ఇల్లు కొనేటప్పుడు అది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో వస్తుందన్నదే వాళ్లు ముందు చూస్తారు.

ఈ వ్యవస్థను టెక్సస్‌కు చెందిన పేద తల్లిదండ్రులు కోర్టులో సవాలు చేశారు. రోడ్రిగెజ్ కేసుగా పేరుపడ్డ దానిలో 1973లో సుప్రీం కోర్టు 5–4 తేడాతో వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. విద్య సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ అభిప్రాయం. జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీవ్రంగా విభేదించాడు. పోరాటం రాష్ట్రాలకు మళ్లింది. ఇలినాయ్ 1970 రాజ్యాంగం ప్రభుత్వ విద్యకు నిధులు సమకూర్చే ప్రధాన బాధ్యత రాష్ట్రానిదేనని చెబుతుంది. అయినా 1996లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఈ విషయం శాసనసభ తేల్చుకోవలసిందని పక్కన పెట్టింది.

1991లో రచయిత జోనథన్ కోజల్ 'సావేజ్ ఇనీక్వాలిటీస్' అనే పుస్తకం ప్రచురించాక న్యూ ట్రియర్ పేరు దేశమంతా కొత్త అర్థంతో వినిపించింది. 1988–89లో ఒక్కో విద్యార్థి మీద న్యూ ట్రియర్ 8,800 డాలర్లకు పైగా ఖర్చు పెడుతుంటే, షికాగో నగరం 5,300 డాలర్ల లోపే పెట్టగలుగుతోందని ఆయన చూపించాడు. షికాగో అంకె అన్ని తరగతులకూ కలిపిన సగటు అనీ, హైస్కూలుకు ఎక్కడైనా ఎక్కువే ఖర్చవుతుందనీ గుర్తుంచుకోవాలి. అది పట్టించుకున్నా తేడా పెద్దదే. కోజల్ పోల్చినది దక్షిణ షికాగోలోని డూసేబుల్ హైస్కూలుతో. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డాలర్ల అంకె కాదు. న్యూ ట్రియర్‌లో ఒక్కో అడ్వైజర్‌కు రెండు డజన్ల మంది పిల్లలుంటే, డూసేబుల్‌లో ఒక్కో కౌన్సెలర్‌కు 420 మంది ఉండేవారన్న వివరం. అడ్వైజర్ వ్యవస్థ ఎంత మంచి ఆలోచనైనా, దాని వెనక ఉన్న పన్ను రాబడి లేకుండా మరోచోట నాటుకోదని ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

డూసేబుల్ చరిత్ర చిన్నదని కాదు. 1935లో తెరిచిన ఆ బడిలో వాల్టర్ డైట్ అనే సంగీతోపాధ్యాయుడు జీన్ ఆమన్స్, జానీ గ్రిఫిన్ వంటి జాజ్ విద్వాంసులను తయారుచేశాడు. గాయని డైనా వాషింగ్టన్, 1983లో షికాగోకు తొలి నల్లజాతి మేయరైన హెరల్డ్ వాషింగ్టన్ అక్కడ చదివినవారు. ప్రముఖుల జాబితాతో బడిని కొలిస్తే డూసేబుల్ ఎవరికీ తీసిపోదు. కాబట్టి ఆ కొలత మీద నాకు నమ్మకం తక్కువ. ప్రతిభావంతుడు ఎలాంటి బడిలోనైనా ఒక డైట్ మాస్టారిని వెతుక్కోగలడు. మామూలు పిల్లవాడికి పదో తరగతిలో చదువు మీద ఆసక్తి పోయినప్పుడు ఎవరు గమనిస్తారన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో న్యూ ట్రియర్ నెగ్గింది, డూసేబుల్‌కు నెగ్గే వీలు ఇవ్వలేదు.

2008 సెప్టెంబర్ 2న, షికాగో బడులు తెరిచిన మొదటి రోజు, రాష్ట్ర సెనేటర్, పాస్టర్ జేమ్స్ మీక్స్ నాయకత్వంలో వెయ్యి మందికి పైగా నగర విద్యార్థులు ఈ నిధుల అసమానతకు నిరసనగా తమ తరగతులు మానేసి బస్సుల్లో న్యూ ట్రియర్‌కు వచ్చారు. నార్త్‌ఫీల్డ్ ప్రాంగణంలో వరుసల్లో నిలబడి చేరిక పత్రాలు నింపారు. టౌన్‌షిప్‌లో ఇల్లు లేనందున చేరే అవకాశం లేదని వాళ్లకూ తెలుసు, పత్రాలు అందుకున్నవారికీ తెలుసు. బడి వారిని మర్యాదగా స్వాగతించింది, స్థానికులు కొందరు మంచినీళ్లు అందించారు. గొడవేమీ జరగలేదు.

బడి అడిగిందల్లా న్యూ ట్రియర్ ఓటర్లు ఇచ్చేవారని కూడా అనుకోకూడదు. విన్నెట్కా ప్రాంగణాన్ని తిరిగి కట్టడానికి 17 కోట్ల 40 లక్షల డాలర్ల అప్పు కోరితే 2010లో తిరస్కరించారు. ప్రణాళికను తగ్గించి 2014లో 8 కోట్ల 90 లక్షలు అడిగితే పెద్ద మెజారిటీతో ఒప్పుకున్నారు. కొత్త భవనం 2017లో తెరిచారు. అదే ఏడాది ఫిబ్రవరిలో జాతి, పౌరహక్కుల అంశం మీద రోజంతా సదస్సు పెట్టాలని బడి నిర్ణయించినప్పుడు తల్లిదండ్రుల్లో ఒక వర్గం గట్టిగా వ్యతిరేకించింది. మరో వర్గం అంతకంటే ఎక్కువ సంఖ్యలో సమర్థించింది. బోర్డు వెనక్కి తగ్గలేదు. నవలాకారుడు కోల్సన్ వైట్‌హెడ్ వచ్చి విద్యార్థులతో మాట్లాడాడు. పిల్లలు ఏ ప్రశ్నలు వినాలో నిర్ణయించే హక్కు బడికే ఉందని నిలబడటం, నా లెక్కలో ఈ బడి ఇటీవలి విజయాల్లో పెద్దది.

2017 ఆగస్టు 31న ఇలినాయ్ కొత్త నిధుల చట్టం తెచ్చుకుంది. దానిపై సంతకం చేసిన అప్పటి గవర్నర్ బ్రూస్ రౌనర్ స్వయంగా ఆ రోజుల్లో విన్నెట్కా నివాసి. పిల్లలకు కావలసిన ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు, గ్రంథాలయాలు లెక్కగట్టి, ప్రతి బడి జిల్లాకు (స్కూల్ డిస్ట్రిక్ట్‌కు) ఎంత ఖర్చు చాలుతుందో ఈ చట్టం ముందుగా నిర్ణయిస్తుంది. ఎవరికీ పాత వాటా తగ్గించదు. కొత్తగా వచ్చే డబ్బులో దాదాపు అంతా, ఆ లక్ష్యానికి అందరికంటే దూరంగా ఉన్న జిల్లాలకు ఇస్తుంది. న్యూ ట్రియర్ ఎప్పటిలాగే తన ఇళ్ల పన్ను మీద నడుస్తోంది. పేద జిల్లాలకు ఏటా కనీసం 35 కోట్ల డాలర్లు అదనంగా ఇవ్వాలన్నది చట్టం పెట్టుకున్న నియమం. అన్ని జిల్లాలనూ తమ లక్ష్యంలో 90 శాతానికి చేర్చడానికి పెట్టుకున్న గడువు 2027. ఏటా ఆ మొత్తమే ఇస్తూ పోతే గడువు నాటికి చేరడం కుదరదని రాష్ట్రంలోని విద్యా సంఘాలు లెక్కలు వేసి చెబుతూనే ఉన్నాయి.